అటక మీది వీహెచ్ఎస్ క్యాసెట్లు: బూజు పట్టిన దూరదర్శన్ రికార్డింగులను కాపాడుకోవడం

మీరు అడిగింది ఇది: 1984–92 మధ్య హైదరాబాద్‌లో ఉన్నప్పుడు మీ నాన్నగారు దూరదర్శన్ నుంచి రికార్డు చేసిన 18 వీహెచ్ఎస్ క్యాసెట్లు ఇప్పుడు కాకినాడ ఇంటి అటక మీద దొరికాయి. సగం వాటిలో టేపు చుట్ట అంచున తెల్లగా ఏదో పట్టింది. పాత వీసీపీ (క్యాసెట్లు ఆడించే యంత్రం) ఒకటి ఉంది. బజారులో ఒకాయన అన్నీ డీవీడీలు చేసిస్తానంటున్నాడు. ఇవ్వవచ్చా, లేక ఇంట్లోనే చేసుకోవచ్చా?

ముందు ఒక్క పని ఆపండి. ఆ క్యాసెట్లలో దేన్నీ ఇప్పుడే వీసీపీలో పెట్టకండి. "ఏముందో ఒకసారి చూద్దాం" అని పెట్టడంతోనే చాలా టేపులు పోతాయి. బూజు పట్టిన టేపు ఒక్కసారే సరిగా ఆడవచ్చు. ఆ ఒక్కసారి వచ్చేసరికి టేపు శుభ్రంగా ఉండాలి, యంత్రం పరీక్షించి ఉండాలి, కంప్యూటర్ రికార్డు చేస్తూ ఉండాలి.

రెండో మాట. క్యాసెట్ మీద సినిమా పేరు రాసి ఉందని దాన్ని పక్కన పడేయకండి. సినిమా మరోచోట దొరుకుతుంది. దాని ముందూ వెనకా ఉన్న అనౌన్సర్ మాటలు, మధ్యలో వచ్చిన ప్రకటనలు, టైమర్ ఆలస్యంగా ఆగితే పడిన నాలుగు నిమిషాల తెలుగు వార్తలు మరోచోట ఉండకపోవచ్చు. హైదరాబాద్ కేంద్రం 1977లో మొదలైంది. శాంతిస్వరూప్ తొలి తెలుగు వార్తలు చదివింది 1983 నవంబర్ 14న. వార్తలు ప్రత్యక్షంగా గాలిలోకి వెళ్ళేవి. ఎవరో పూనుకుని రికార్డు చేస్తే తప్ప, చదవడం పూర్తయ్యాక మిగిలేది కాగితమే. మీ టేపులు సరిగ్గా ఆ కాలానివి.

ఇది మన ఒక్కరి సంగతి కాదు. తొలి వృత్తి వీడియో టేపు, అంటే 1956లో ఆంపెక్స్ తెచ్చిన 2 అంగుళాల టేపు, చాలా ఖరీదైనది. దాన్ని చెరిపి మళ్ళీ వాడడం ప్రపంచమంతా మామూలు పని. బీబీసీ 1967–78 మధ్య తన పాత కార్యక్రమాలను పెద్ద ఎత్తున చెరిపేసింది. 'డాక్టర్ హూ' అనే ధారావాహికలో 1960ల భాగాలు 2013 నాటి లెక్కకు 97 దొరకలేదు. విదేశీ కేంద్రాలకు అమ్మడానికి తీసిన 16 మి.మీ. ఫిల్మ్ కాపీలు అక్కడక్కడా మిగలబట్టి కొన్ని తిరిగి వచ్చాయి. 1990ల మొదట్లో హాంకాంగ్ నుంచి నాలుగు భాగాల కథ ఒకటి, 2013లో నైజీరియాలోని జోస్ నుంచి తొమ్మిది భాగాలు అలా వచ్చినవే. ఆ 97 భాగాలకూ శబ్దం మాత్రం ఉంది. అప్పట్లో ప్రేక్షకులు టీవీ ముందు టేప్ రికార్డర్ పెట్టి పట్టుకున్నారు కాబట్టి ఉంది. అదే ధారావాహికలో ఒక 1971 కథకు బీబీసీ దగ్గర రంగు పోయి నలుపు–తెలుపు ఫిల్మ్ మిగిలింది. అమెరికాలో ఒకరు టీవీ నుంచి పట్టుకున్న రికార్డింగులోని రంగును ఆ ఫిల్మ్ మీదికి ఎక్కించి 1992లో మళ్ళీ రంగుల్లో చూపించారు. ఇంటి టేపు విలువ ఇంత. అందుకే మీ ఇంట్లో ఆ కాలపు ఆడియో క్యాసెట్లు ఉన్నా వాటినీ ఈ పెట్టెలోనే చేర్చండి.

ఇక పనిలోకి.

అటక మీంచి దించగానే ప్రతి క్యాసెట్ వెన్నుభాగంలో, ఎడమ మూలన చిన్న ప్లాస్టిక్ రెక్క ఉందేమో చూడండి. ఉంటే స్క్రూడ్రైవర్ మొనతో విరిచేయండి. అది లేకపోతే ఏ వీసీఆరూ (ఆడించడమే కాక రికార్డు కూడా చేసే యంత్రం) ఆ టేపు మీద రికార్డు చేయదు. తర్వాత క్యాసెట్‌కు వరుస నంబరు వేసి, డబ్బా మీదా లేబుల్ మీదా మీ నాన్నగారి చేతిరాతతో సహా నాలుగు వైపులా ఫోటో తీయండి. లేబుల్ చింపడం గానీ కొత్తది అతికించడం గానీ వద్దు. తేదీ తేల్చడానికి తర్వాత ఆ రాతే ఆధారమవుతుంది.

ఇప్పుడు మంచివీ చెడ్డవీ వేరు చేయాలి. క్యాసెట్ మీది పారదర్శక కిటికీలోంచి టేపు చుట్ట అంచును టార్చి పక్కగా పట్టి చూడండి. దూదిపోగుల్లా, సాలెగూడులా తెల్లగానో బూడిదరంగులోనో ఉంటే బూజు. క్యాసెట్ పక్కనున్న చిన్న మీట నొక్కితే ముందు మూత లేస్తుంది. టేపు ముడతలు, తెగిన చోట్లు అక్కడ కనబడతాయి. బూజు ఉన్నవాటిని వేరే గదిలో ఉంచండి. అక్కడ ఎన్–95 మాస్కు, చేతి తొడుగులు తప్పనిసరి. ఉబ్బసం ఉన్నవాళ్ళు ఈ పనికి దూరంగా ఉండాలి.

బూజు పట్టిన వాటిని వెంటనే ప్లాస్టిక్ కవరులో బిగించి పెట్టకండి. లోపలి తేమ బయటికి పోయే దారి లేక బూజు ఇంకా పెరుగుతుంది. ముందు ఆరబెట్టాలి. ఎండలో పెట్టడం కాదు, ఎండ టేపును వంకర చేస్తుంది. గాలి చొరని పెద్ద డబ్బాలో అర కిలో నీలం సిలికా జెల్ గుడ్డసంచిలో వేసి, తేమను కొలిచే చిన్న హైగ్రోమీటర్ ఒకటి పెట్టి, క్యాసెట్లను పుస్తకాల్లా నిలువుగా, మధ్యలో వేలెడు సందుతో పేర్చండి. తేమ 35–40 శాతం దగ్గర నిలకడగా ఉన్నాక రెండు మూడు వారాలు అలాగే ఉంచండి. గింజలు గులాబీ రంగుకు తిరిగితే తేమ పీల్చేశాయని అర్థం. తీసి, వేడి చేసి, నీలం రంగు వచ్చాక మళ్ళీ వాడవచ్చు. మీది సముద్రతీరం కాబట్టి ఈ పని వానాకాలం వెళ్ళి చలి మొదలయ్యాక పెట్టుకుంటే తేలిక. కలరా ఉండలు మాత్రం వేయకండి. వాటి ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది.

ఆరిన బూజు పొడిపొడిగా రాలుతుంది. తడి బూజు మాత్రం పూసినట్టు అంటుకుపోతుంది. రెండు మూడు వారాలు ఓపిక పట్టమనేది ఇందుకే.

శుభ్రం చేయడానికి క్యాసెట్ విప్పక తప్పదు. అడుగున 5 స్క్రూలు ఉంటాయి. అన్నీ తీశాక రెండు సగాలూ కలిపి పట్టుకుని తిరగేసి, పై సగం మెల్లగా ఎత్తండి. వేరే ఏదీ ముట్టుకోకముందే టేపు ఏ రోలర్ చుట్టూ ఎటు తిరిగిందో ఫోటో తీయండి. బిగించేటప్పుడు నూటికి తొంభై తప్పులు అక్కడే జరుగుతాయి. చుట్టలు దొర్లకుండా పట్టే రెండు బ్రేకు మీటలు, వాటి సన్నని స్ప్రింగు ఎగిరిపోకుండా చూసుకోండి. చుట్టల అంచుల మీది బూజును మెత్తటి కుంచెతో ఆరుబయట దులపండి. ఆ తర్వాత 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కాస్త తడిపిన, పీచు రాలని గుడ్డను రెండు వేళ్ళ మధ్య మడిచి, టేపును దాని మధ్యనుంచి చేత్తో చుట్టుతూ పోవాలి. గుడ్డ తడిగా అనిపించాలి, కారకూడదు. ప్రతి రెండు మూడు మీటర్లకూ కొత్త మడత తిప్పండి. 3 గంటల ఈ–180 క్యాసెట్‌లో దాదాపు 258 మీటర్ల టేపు ఉంటుంది కాబట్టి ఒక్కో క్యాసెట్‌కు ఒక పూట పెట్టుకోండి. చేతులు కడుక్కునే శానిటైజర్, స్పిరిట్, పెట్రోలు, డెట్టాల్ ఏవీ వద్దు. శానిటైజర్‌లోని నీళ్ళూ గ్లిజరినూ టేపు మీద పొరలా మిగిలిపోతాయి.

చుట్టేటప్పుడు పొర పొరకు అంటుకుని చిటచిటమంటుంటే లాగకండి. లాగితే అయస్కాంత పూత ఊడి పక్క పొరకు అతుక్కుంటుంది, ఆ బొమ్మ ఇక రాదు. అలాంటిదాన్ని మళ్ళీ సిలికా జెల్ డబ్బాలో పెట్టి నెల ఆగండి. ఓవెన్‌లో వేడి చేయాలని కొందరు చెబుతారు. ఆ పద్ధతి పూతలోని జిగురు తేమ పీల్చి బంకలా మారిన వృత్తి టేపులకు, యూ–మాటిక్, ఓపెన్ రీల్ వంటివాటికి, 50–54 డిగ్రీలను గంటల తరబడి నిలకడగా ఉంచగల ఇంక్యుబేటర్‌లో చేసేది. వీహెచ్ఎస్‌కు ఆ జబ్బు తక్కువ. వంటింటి ఓవెన్‌లో వేడి అదుపులో ఉండదు, టేపు వంకర తిరుగుతుంది.

శుభ్రమైన చుట్టలను పాత డొక్కులో (క్యాసెట్ ప్లాస్టిక్ పెట్టెలో) తిరిగి పెట్టవద్దు, అందులో బూజు విత్తులు ఉంటాయి. స్క్రూలున్న ఏదైనా పనికిరాని క్యాసెట్ డొక్కు తీసుకుని కడిగి, బాగా ఆరబెట్టి అందులోకి మార్చండి. పాత డొక్కును లేబుల్ కోసం విడిగా దాచండి.

తెగిన టేపు ఉంటే సెల్లోటేపు జోలికి పోకండి. దాని జిగురు ఊరి పక్క పొరలను పట్టేస్తుంది, యంత్రంలో టేపును చదివే హెడ్‌కూ అంటుతుంది. నలిగిన ముక్కను వృథా చేయకుండా సరిగ్గా తెగిన చోటనే రెండు క్యాసెట్లుగా విడదీయడం నాకు నచ్చే పద్ధతి. తెగిన కొసను వేరే క్యాసెట్ చివర ఉండే పారదర్శక లీడర్‌కు, 12.7 మి.మీ. స్ప్లైసింగ్ టేపుతో, పూత లేని లోపలి వైపు అతికించండి. అప్పుడు అతుకు చుట్ట కొసన ఉంటుంది. నిమిషానికి 1500 సార్లు తిరిగే హెడ్ డ్రమ్ము మీదుగా అది బొమ్మ మధ్యలో వెళ్ళే అవసరం రాదు.

యంత్రం సంగతి. మీ వీసీపీ ముప్పై ఏళ్ళు మూలన ఉంది కాబట్టి దాని బెల్టులు సాగిపోయో బిరుసెక్కో ఉంటాయి, టేపును నొక్కి లాగే రబ్బరు పించ్ రోలర్ గాజులా నున్నబడి ఉంటుంది. అలాంటిది టేపును సమానంగా లాగలేక లోపలే ముద్దచేస్తుంది. మెకానిక్ దొరికితే బెల్టులు, చుట్టలను తిప్పే ఐడ్లర్ టైరు, పించ్ రోలర్ మార్పించండి. ఏం చేసినా, పోయినా బాధలేని టేపు ఒకటి మొదట పూర్తిగా ఆడించి, ముందుకూ వెనక్కూ చుట్టించి చూడాలి. అసలు మంచి మార్గం ఎస్–వీహెచ్ఎస్ (వీహెచ్ఎస్‌కు మెరుగైన రూపం) వీసీఆర్ ఒకటి సంపాదించడం. పానాసోనిక్ ఎన్‌వీ–ఎఫ్ఎస్200 వంటివాటిలో బొమ్మ గీతల వణుకును సరిదిద్దే టైమ్ బేస్ కరెక్టర్ లోపలే ఉంటుంది, బొమ్మను మెరుగ్గా బయటికి పంపే ఎస్–వీడియో అవుట్‌పుట్ కూడా ఉంటుంది. మన ప్రసారం పాల్ పద్ధతి, అంటే 625 గీతలు, సెకనుకు 25 ఫ్రేములు. అమెరికాలోని బంధువులు "మా దగ్గర వీసీఆర్ ఉంది, పంపండి" అంటే పంపకండి. అక్కడి మామూలు ఎన్‌టీఎస్‌సీ వీసీఆర్ ఈ టేపులను సరిగా చదవదు.

హెడ్ శుభ్రం చేసేటప్పుడు దూదిపుల్ల వాడితే పోగు హెడ్ మొనకు చిక్కుకుని అది విరగవచ్చు. షామీ తోలు అంటించిన పుల్లను ఆల్కహాల్‌తో తడిపి డ్రమ్ముకు కదలకుండా ఆనించి, డ్రమ్మును చేత్తో మెల్లగా తిప్పండి. పుల్లను పైకీ కిందకీ మాత్రం ఎప్పుడూ రుద్దకూడదు. రబ్బరు రోలర్‌కు ఆల్కహాల్ బదులు గుడ్డ మీద కాస్త సబ్బునీళ్ళు చాలు. బూజు పట్టి శుభ్రం చేసిన టేపు ఆడించిన ప్రతిసారీ, తర్వాతి టేపు పెట్టేముందు టేపు నడిచే దారంతా తుడవాలి. లేకపోతే ఒక క్యాసెట్ బూజు మిగతా వాటికి పాకుతుంది. వీలైతే ఈ టేపులకు ఒక యంత్రం, మంచివాటికి ఇంకో యంత్రం ఉంచుకోండి.

అటక వేడిలోంచి వచ్చిన క్యాసెట్‌ను ఏసీ గదిలో ఒక రోజు ఉంచాకే యంత్రంలో పెట్టండి. బూజు లేనివాటిని ముందు ఒకసారి చివరిదాకా చుట్టి మళ్ళీ వెనక్కి చుట్టండి. ఏళ్ళ తరబడి ఒకే తీరున బిగిసిన చుట్ట అలా సమంగా సర్దుకుంటుంది, ఆడేటప్పుడు బొమ్మ ఊగడం తగ్గుతుంది.

కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు ఎక్కువ నష్టం, వీసీఆర్ సిగ్నల్‌ను కంప్యూటర్‌కు అందించే చవకరకం యూఎస్‌బీ ముక్కల వల్ల. సిగ్నల్ కాస్త వణికితే అవి ఫ్రేములు వదిలేస్తాయి, అరగంట గడిచేసరికి మాటా పెదవీ కలవవు. వీసీఆర్‌లో టైమ్ బేస్ కరెక్టర్ లేకపోతే పానాసోనిక్ డీఎంఆర్–ఈఎస్10 లేదా ఈఎస్15 అనే పాత డీవీడీ రికార్డర్‌ను మధ్యలో పెట్టి, దానిగుండా సిగ్నల్ పంపడం చాలామంది వాడే ఉపాయం. దానిలో రికార్డు చేయనక్కర్లేదు, గీతల వణుకును అది సరిదిద్దితే చాలు.

సెట్టింగులు: 720×576, సెకనుకు 25 ఫ్రేములు, ఇంటర్లేస్ (ఒక్కో ఫ్రేమును సరి, బేసి గీతలుగా రెండు విడతల్లో చూపే పద్ధతి) అలాగే ఉంచి, 4:2:2 రంగు, శబ్దం 48 కిలోహెర్ట్జ్ పీసీఎం. ఫైలు నష్టంలేని కుదింపులో ఉండాలి. అలాంటి పద్ధతుల్లో ఒకటైన హఫ్‌వైయువీలో తీసుకుని తర్వాత ఎంకేవీ రకం ఫైలులో, అలాంటిదే అయిన ఎఫ్ఎఫ్‌వీ1గా మార్చుకోవచ్చు. కుదించకపోతే గంటకు 75 జీబీ దాకా వస్తుంది, ఇలా అయితే సుమారుగా సగం. 18 క్యాసెట్లు, ఒక్కోటి 3 గంటలు అనుకుంటే 2 టీబీకి పైగా ఖాళీ పెట్టుకోండి. వర్చువల్‌డబ్ అనే సాఫ్ట్‌వేర్ రికార్డు చేస్తూనే ఎన్ని ఫ్రేములు పోయాయో లెక్క చూపిస్తుంది. ఆ లెక్క సున్నా దగ్గరే ఉండాలి.

రికార్డు అవుతున్నంతసేపూ ఎదురుగా కూర్చోండి. బొమ్మ అడుగున పది గీతల మేర చెదరడం మామూలే, అది హెడ్ మారే చోటు, అన్ని టేపుల్లోనూ ఉంటుంది. అక్కడక్కడా తెల్ల గీత మెరిస్తే అక్కడ పూత రాలింది. పై అంచు ఒక పక్కకు జెండాలా వంగితే టేపు బిగువు సరిగా లేదు, లేదా టైమ్ బేస్ కరెక్టర్ పనిచేయడంలేదు. తెల్ల పట్టీ ఒకటి అడ్డంగా నిలిచిపోతే ట్రాకింగ్ మీట తిప్పి బొమ్మలోంచి బయటికి నెట్టండి. శబ్దం గరగరమని ఆగి ఆగి వస్తే బొమ్మతోపాటే రాసిన హై–ఫై శబ్దపు ట్రాక్‌ను యంత్రం చదవలేకపోతోంది, యంత్రాన్ని 'నార్మల్' శబ్దానికి మార్చి చూడండి. శబ్దం రెండో చోట, టేపు అంచున కూడా ఉంటుంది. బొమ్మంతా క్రమంగా చుక్కలుచుక్కలుగా మారితే హెడ్ పూడుకుపోతోంది. "కొంచెం ఆగితే సర్దుకుంటుంది" అనుకోకుండా వెంటనే ఆపి, హెడ్ తుడిచి, రెండు నిమిషాలు వెనక్కి చుట్టి మళ్ళీ మొదలుపెట్టండి. ఆ ముక్కలన్నీ విడివిడి ఫైళ్ళుగా ఉన్నా ఫరవాలేదు.

టేపు మొదటి సెకను నుంచి చివరి సెకను దాకా పట్టండి. ఖాళీగా కనబడే చోట కూడా ఆపకండి. కరెంటు పోయి వచ్చాక రికార్డింగు మళ్ళీ మొదలైన సందర్భాలు, కింద పాత రికార్డింగు తోక మిగిలిన సందర్భాలు చాలా ఉంటాయి. వీటిలోనే ఊహించనివి దొరుకుతాయి. అసలు ఫైలులో ప్రకటనలు కోయడం, అంచులు కత్తిరించడం, రంగు దిద్దడం, కృత్రిమ మేధతో మెరుగులు పెట్టడం ఏవీ చేయవద్దు. అవన్నీ చూడటానికి తీసే చిన్న కాపీలో చేసుకోండి. ఆ కాపీకి ఇంటర్లేస్ తీసేటప్పుడు సెకనుకు 50 ఫ్రేములుగా తీయండి. 25కి కుదిస్తే కదలికలో సగం పోతుంది.

మొండి టేపులకు ఇంకో దారి ఉంది. హెడ్ నుంచి వచ్చే ముడి సిగ్నల్‌నే వీసీఆర్ లోపలి పరీక్ష బిందువు దగ్గర పట్టుకుని, బొమ్మగా మార్చే పని సాఫ్ట్‌వేర్‌తో చేయించే వీహెచ్ఎస్–డీకోడ్ అనే స్వేచ్ఛా ప్రాజెక్టు అది. సోల్డరింగ్ తెలిసినవాళ్ళకే. చుక్కల్లో మునిగిన బొమ్మను కూడా ఇది కొన్నిసార్లు మామూలు పద్ధతికన్నా బాగా లాగుతుంది.

బజారులో ఆయన గురించి: డీవీడీ అంటే ఎంపెగ్–2 కుదింపు, రంగు సమాచారంలో సగం పోతుంది, రాసే డిస్కులు కొన్నేళ్ళలో చెడవచ్చు. బూజు సంగతి చెబితే ఆయన ఏమంటాడో గమనించండి. "ఫరవాలేదు, ఆడిద్దాం" అంటే క్యాసెట్ చేతికివ్వకండి. నష్టంలేని ఫైలు ఇస్తారా, ఇంటర్లేస్ ఉంచుతారా, టైమ్ బేస్ కరెక్టర్ ఉందా, ఏమీ కోయకుండా మొత్తం ఇస్తారా అని అడగండి. నాలుగింటికీ అవునంటే ముందు బూజులేని ఒక్క క్యాసెట్ ఇచ్చి చూడండి.

ఫైళ్ళు వచ్చాక ప్రతిదానికీ షా–256 మొత్తం (ఫైలు మారిందో లేదో తేల్చే వేలిముద్ర వంటి సంఖ్య) తీసి పక్కన పెట్టండి. మూడు కాపీలు, రెండు వేర్వేరు రకాల నిల్వల మీద, ఒకటి వేరే ఊళ్ళో ఉండాలి. ఒక నోట్‌బుక్‌లో క్యాసెట్ నంబరు, ఏ నిమిషం నుంచి ఏముంది, కనబడిన ముఖాలు, వినబడిన పేర్లు రాయండి. తేదీ లేకపోతే వార్తల్లోని సంఘటన, క్రికెట్ స్కోరు, పండుగ శుభాకాంక్షలు, సినిమా ప్రకటన ఇలాంటివాటితో రోజు తేల్చవచ్చు.

ఆ జాబితాతోనే ప్రసారభారతి ఆర్కైవ్స్‌ను, హైదరాబాద్, విజయవాడ దూరదర్శన్ కేంద్రాలను సంప్రదించండి. కాపీ ఇవ్వండి. అసలు క్యాసెట్ ఇవ్వాల్సివస్తే నంబర్లతో సహా రసీదు తీసుకోండి. యూట్యూబ్‌లో పెట్టేముందు ఒకటి తెలుసుకోండి: మన చట్టం ప్రకారం ప్రసారంపై ప్రసార సంస్థకుండే హక్కు 25 ఏళ్ళు, అందులోని సినిమాపై కాపీరైటు 60 ఏళ్ళు. ఒకటి తీరినంతమాత్రాన రెండోది తీరిపోదు.

ఎక్కించడం అయిపోయిందని క్యాసెట్లను పారేయకండి. పూర్తిగా మొదటికి చుట్టి, డబ్బాల్లో నిలువుగా, నేలకు ఎత్తుగా, స్పీకర్లకు దూరంగా పెట్టండి. అటక మీదికి మాత్రం మళ్ళీ వద్దు, ఇంట్లో అన్నిటికన్నా చల్లగా పొడిగా ఉండే గది చూడండి. ఆర్నెల్లకోసారి టార్చితో అంచులు చూస్తే చాలు.